సువాసనపై శాసనమా?

పనిచేయు చోట పరిమళద్రవ్యములు ధరించుటను ప్రభుత్వములు చట్టముచేత నిషేధింపవలెనను వాద మొకటి పాశ్చాత్యదేశములలో పుట్టి, మెల్లమెల్లగా మన నగరములలోని కార్యాలయములకును ప్రాకుచున్నది. అత్తరు, సెంటు, తలనూనె, పౌడరు మున్నగువాని వాసనవలన కొందఱికి ఉబ్బసము రేగుననియు, మఱికొందఱికి తీవ్రమైన తలనొప్పి వచ్చుననియు, ఒకరి అలంకారముకంటె వేఱొకరి ఊపిరి గొప్పదనియు ఈ వాదము యొక్క సారము. ఊపిరి గొప్పదన్న మాటను కాదనువా రెవరు? కోలారు బంగారు గనుల నీడలో పెరిగిన మేము అసలే కాదనలేము. అయినను ఇట్టి శాసనము వలదని వ్రాయుచున్నాను. వలదనుటకు కారణమును ఆ గనులే.

ఇచ్చట పలుగురాతి పొరలలో బంగార ముండెను. ఆ రాతిని డ్రిల్లులతో తొలిచి, మందుపెట్టి పేల్చి, పైకి తెచ్చి, మరలలో పిండిగా దంచెడివారు. ఆ పిండిలో సిలికా కలదు. మిక్కిలి సన్నని సిలికా రేణువు ఊపిరితిత్తులలోనికి చొచ్చి అచ్చటనే నిలిచిపోవును. దాని చుట్టును మచ్చకట్టి, ఏండ్ల తరబడి లోపలి మెత్తదనమంతయు గట్టిపడును. సిలికోసిస్ అను ఈ వ్యాధిని కుదుర్చు మందు నేటికిని లేదు. క్షయ దానికి తోడగుట సామాన్యము. రాతిపేలుళ్ళలో పోయిన ప్రాణముల సంగతి అటుంచుడు. ఇంటికి వచ్చి, పింఛను పుచ్చుకొని, మంచముపై కూర్చుండి దగ్గుచు పోయినవారి సంగతి చెప్పుచున్నాను. వారిని చంపిన ధూళికి వాసన లేదు. తూటాలు పేలిన పిమ్మట పుట్టు కార్బన్ మోనాక్సైడునకును వాసన లేదు. బంగారమును కరగించి రాబట్టుటకు వాడిన సైనైడునుండి వెలువడు విషవాయువునకు చేదు బాదముపప్పు వాసన కలదందురు గాని, పుట్టుకతోనే ఆ వాసన తెలియని మనుష్యులు కొందఱు కలరు. ఛాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్లకు మించిన లోతున, రాయి అఱువది డిగ్రీలకు పైగా కాగుచున్న చోట, మనిషి భయపడవలసిన వానిలో పెక్కు ముక్కునకు తెలియనివే.

కావుననే పలుదేశముల లోహపు గనులలో ప్రమాదము సంభవించినపుడు గాలిగొట్టములలోనికి మెర్కాప్టన్ జాతి దుర్గంధమును బుద్ధిపూర్వకముగ వదలుదురు. డ్రిల్లుల రొదలో గంట వినబడని చోట ఆ కంపే పనివారిని పైకి పిలుచును. మన వంటయింటి గ్యాసులో కలిపినదియు ఆ జాతి వాసనయే. ముక్కునకు తెలిసినదంతయు హానికరమనియు, తెలియనిదంతయు శుభ్రమైన గాలియనియు తలచువారు ఈ విషయమును కొంచెము విచారింపవలెను.

ఇంకొక సంగతి. ఈ గనులలో తనిఖీ లేకపోలేదు. షాఫ్టునుండి పైకి వచ్చిన కూలివానిని నిలువబెట్టి, పిడికెడు బంగారపు రాయి దాచుకొని పోవుచున్నాడేమోయని ఒళ్ళంతయు తడవి చూచెడివారు. 1930లో కార్మికుల వ్రేలిముద్రలు తీసి నమోదుచేయ తలపెట్టగా, మమ్ము నేరగాండ్రుగ ఎంచుదురాయని వేలాదిమంది పని విడిచి సమ్మె చేసిరి. మనిషి జేబును, జుట్టును, వ్రేలిని పరీక్షించుటకు యాజమాన్యమునకు తీరిక యుండెను. ఆతని ఊపిరితిత్తులలో చేరిన రాతిపిండిని లెక్కించుటకు మాత్రము చాలకాలము తీరిక చిక్కలేదు. గాలి యాజమాన్యము వశమున నున్నది. ఒళ్ళు పనివాని వశమున నున్నది. గాలిని బాగుచేయుటకు డబ్బు ఖర్చగును, ఒంటిని అదుపుచేయుటకు ఒక నోటీసు చాలును. పరిమళ నిషేధ మీ రెండవ దారి పట్టినది.

నే నెఱిగిన యొక కార్యాలయములో జరిగినదానిని వినుడు. దాని పేరుతో పనిలేదు. కిటికీలు తెఱవరాని శీతలగది, నలువదిమంది ఉద్యోగులు. వారిలో ఒకామెకు ఉబ్బసము. ఆమె విన్నవించుకొనగా పై అధికారి గారు వెంటనే ఉత్తరువు జారీచేసిరి: స్త్రీలు మల్లెపూలు పెట్టుకొని రాగూడదు, పురుషులు సెంటు పూసికొని రాగూడదు. బాగుగనే యున్నది. కాని ఆ గది గోడకు కార్యాలయమువారే తగిలించిన సువాసన యంత్ర మొకటి కలదు. పావుగంట కొకసారి బుస్సుమని నిమ్మపండు వాసనను చిమ్ముచుండును. ఉత్తరువు ఆ యంత్రమును ముట్టలేదు! ఏసీ జల్లెడ గుడ్డలను ఉదికి ఎన్ని నెలలైనదో ఎవరును అడుగలేదు. ఆరువారములు గడచినను ఆ తల్లి దగ్గు తగ్గలేదు. ఈలోపల పూలు మానుకొన్న తక్కిన స్త్రీలందఱు ఆమెను శత్రువుగ చూడసాగిరి.

ఇది ఉత్తరువు, చట్టమే వచ్చెననుకొందము. దేనిని నిషేధింతురు? ధూళిని కొలుచుటకు యంత్రములు కలవు. సొంత పరిమళమును కొలుచుటకు తనిఖీదారు ముక్కు తప్ప వేఱు కొలమానము లేదు. శుక్రవారము నమాజునకు ముందు పూసికొన్న అత్తరు, తలంటుకొని సాంబ్రాణి పొగ పట్టిన జుట్టు, కొబ్బరినూనె, విభూతి, జడలో మూరెడు కనకాంబరముతో కలిపి కట్టిన మల్లెలు: వీనిలో ఏది నేరము, ఏది ఆచారము? తలనొప్పికి నుదుట రాచుకొన్న అమృతాంజనమును ఏమందురు? 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ఆరంభించిన ఆ లేపనపు రాబడియే ఆంధ్రపత్రికకు అండయైనది; ఆ ఘాటు తెలుగువారి అక్షరాస్యతకు కొంత పెట్టుబడి. ఇక మైసూరు ప్రభుత్వమే 1916లో గంధపు నూనె తీయు కర్మాగారమును స్థాపించెను. అప్పటి దివాను విశ్వేశ్వరయ్యగారు నాటి కోలారు జిల్లాలోని ముద్దేనహళ్ళిలో పుట్టినవారు. నేటికిని కర్ణాటక ప్రభుత్వ సంస్థ మైసూరు శాండల్ సబ్బు నమ్ముచున్నది. అమ్మునదియు సర్కారే, పూసికొన్నవానిని పట్టునదియు సర్కారేనా?

మన చరిత్రలో రాజ్యము పరిమళముతో వ్యవహరింపకపోలేదు. కుమారగిరి రెడ్డి కర్పూర వసంతరాయలను బిరుదు వహించెను. ఆయన కొలువునకు సుగంధద్రవ్యములు తెప్పించి యిచ్చిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకిత మిచ్చెను. అది రాజుల వైభవము. దానిని తిరిగి తేవలెనని నే ననను. అయితే ఆనాటినుండి నేటివఱకు వాసననుబట్టి మనుష్యులను ఎక్కువ తక్కువలుగ పంచు దురభ్యాసము మనలో కలదు. తోలు పదునుచేసినవానిని, పాకీపని చేసినవానిని కంపని దూరముంచిన సమాజ మిది. చెమట పట్టిన కూలివాడు చవుక సెంటు పూసికొనుట ఆ దూరమును కొంత తగ్గించుకొనుటకే. ఎవరి వాసన సహింపరానిదో నిర్ణయించు అధికారమును చట్టము ఇన్‌స్పెక్టరు చేతికిచ్చినచో, అది మొదట ఎవరి మెడకు చుట్టుకొనునో వేఱుగ చెప్పవలెనా?

నిషేధము అసాధ్యము కాదని చూపుటకు కొందఱు కర్మాగారముల శుద్ధగదులను ఉదాహరింతురు. నిజమే. మందులు చేయు చోటను, ఎలెక్ట్రానిక్ చిప్పులు చేయు చోటను పౌడరు, సెంటు, కాటుక మున్నగునవి పనికిరావు. అచ్చట కాపాడబడుచున్నది మాత్రయు, చిప్పును. అవి చెడునని రుజువు కలదు గనుక నియమము న్యాయమే. శస్త్రచికిత్స గదిలోను అంతియే. అయితే ఆ గదులలోనికి గంటకు ఎన్నిమార్లు క్రొత్తగాలి రావలెనో, ఎంత సన్నని జల్లెడగుండ రావలెనో యాజమాన్యము లెక్కగట్టి ఏర్పాటుచేయును. మాత్రకు చేయు ఆ మర్యాదలో సగము గుమాస్తాకు చేసినచో ఈ వ్యాసము వ్రాయవలసిన అగత్యమే లేకపోయెడిది.

బాధితుల బాధ బూటకమని నేననుట లేదు. పరిమళద్రవ్యములలోని కొన్ని రసాయనములు చర్మమును, శ్వాసను బాధించుట వైద్యు లెఱిగినదే. అమెరికాలో డెట్రాయిట్ నగరపాలక సంస్థ ఉద్యోగిని యొకరు సహోద్యోగి సెంటు కారణముగ దావావేయగా 2010లో లక్ష డాలర్లతో రాజీ కుదిరినది. 2009లో ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రము తన భవనములలో పరిమళములు వలదని నియమము చేసికొన్నది. ఇవి ఒక ఉద్యోగిని హక్కునకును, ఒక సంస్థ తన యింట చేసికొన్న ఏర్పాటునకును సంబంధించినవి. దేశమంతటికి విధించిన నిషేధములు కావు. మనకును 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో తగిన సౌకర్యము కల్పింపవలెనను సూత్రము కలదు. అందు పేర్కొన్న 21 వైకల్యములలో ఉబ్బసము లేదు. ఆ సూత్రమును ఊపిరి జబ్బులకును విస్తరింపుడు. బాధపడువానికి కిటికీ ప్రక్క చోటు, వేఱు గది, ప్రక్కవానిని సెంటు మానుమని అడుగు హక్కు, అడిగినందుకు ఉద్యోగము పోదను హామీ ఇయ్యవలెను. ఐరోపా సమాఖ్య 2003లో ఒంటికి పడని 26 పరిమళ పదార్థములను సీసాపై పేరు పేరున వ్రాయవలెనని శాసించి, 2023లో ఆ పట్టికకు మఱి యేబదికి పైగా చేర్చినది. మన సబ్బుకాగితములపై తఱచుగ పెర్‌ఫ్యూమ్ అను ఒక్కమాటయే కనబడును. శాసింపదలచినచో తయారుచేయువానిని ఇట్లు శాసింపుడు.

గాలి విషయమున చట్టమే లేదనుకొనరాదు. 2025 వఱకు అమలులో నుండిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వెలుపలిగాలి ధారాళముగ రావలెననియు, ధూళిని పుట్టినచోటనే లాగివేయవలెననియు, ఆ చట్టము వచ్చిన పిమ్మట కట్టిన కర్మాగారములలో ఒక్కొక్క పనివానికి 14.2 ఘనమీటర్ల చోటుండవలెననియు చెప్పినది. కిక్కిరిసిన కుట్టుపని షెడ్లలోను, కిటికీలు లేని కార్యాలయములలోను ఈ పాటి కొలత యైనను నడచుచున్నదా? నడిచినచో మల్లెపూవు వాసన మనిషిని ఉక్కిరిబిక్కిరి చేయు అవసరము చాలవఱకు రాదు.

మన ఊరి సంగతి ప్రభుత్వమువారి దృష్టికి తెచ్చి విరమింతును. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. దంచిన రాతిపిండి దిబ్బలు మాత్రము కొండలవలె నిలిచియున్నవి. సైనైడు దిబ్బలనియే వానిని పిలుతుము. గాలికాలమున ఆ తెల్లని దుమ్ము వీథులలోను, బిందెలలోను, బడిపిల్లల పలకలపైనను పడుచున్నది. దానికిని వాసన లేదు. వేయి ఎకరములకు పైగా పరచుకొన్న 13 దిబ్బలను తిరిగి త్రవ్వి మిగిలిన బంగారమును తీయుటకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించినది. త్రవ్వకము సాగినచో మరల కూలివాండ్రు వత్తురు, మరల దుమ్ము లేచును. మొదటి పార దిగకముందే దుమ్మును కొలుచు యంత్రము లెన్ని పెట్టుదురో, పనివారి ఛాతీ ఎక్స్‌రేలను ఎన్ని నెలల కొకసారి తీయింతురో, ఆ లెక్కలను ఎవరు చూచుకొనవచ్చునో ప్రభుత్వము ఇప్పుడే ప్రకటింపవలెను. దిబ్బల దిగువనున్న కాలనీలవారిని గూడ ఆ పరీక్షలలో చేర్చవలెను.