గాలి లెక్క

గాలికి బరువుందంటే నమ్మనివారు మనలో ఇంకా వున్నారు. ఊరికే దొరికేదానికి తూకమేమిటని వారి అభిప్రాయం. కాని లారీ నడుపుకొని బ్రతికేవారికి గాలి ఊరికే దొరికేది కాదు. దాని లెక్క తప్పితే డీజిలు నల్లని పొగై పైకి పోతుంది. ఆ పొగతో పాటు డబ్బూ పోతుంది.

ఆ మధ్య గురజాల వైపు నుంచి ఒక లారీ యజమాని నా దగ్గరకు వచ్చాడు. పిడుగురాళ్ళ సున్నం, పంట రోజుల్లో గుంటూరు యార్డుకు మిరప బస్తాలు తోలడం ఆయన వ్యాపారం. వున్నది ఒకటే లారీ. వాయిదాలు ఇంకా తీరలేదు. ఇంతలో టర్బో అరిగిపోయింది. కొత్తదానికి చాలా డబ్బు కావాలి. ఎవరో పెద్ద బండి నుంచి విప్పిన టర్బోను సగం ధరకు ఇస్తామన్నారట. "పెద్దదయితే బలం కూడా పెద్దదేగా, మాస్టారూ?" అని అడిగాడు. ఈ సందేహం చాలామందికి రాదగినదే కనుక జవాబు ఇక్కడ వ్రాస్తున్నాను.

కొలిమి దగ్గర తిత్తి ఊదడం చూసే వుంటారు. బొగ్గు అదే, గాలి ఎక్కువైతే మంట ఎక్కువ. టర్బో కూడా ఇంజనుకు తిత్తి వంటిదే. తేడా ఏమిటంటే, దీన్ని ఊదడానికి మనిషి అక్కరలేదు. బయటకు పోయే వేడి పొగే ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద రెండో కొసన వున్న చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజనులోకి తోస్తుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్షకు అటూ ఇటూగా తిరుగుతుంది! ఈ ఉపాయానికి 1905లో పేటెంటు పొందినవాడు ఆల్ఫ్రెడ్ బ్యూకి అనే స్విట్జర్లాండు ఇంజనీరు. మొదట ఓడల ఇంజన్లకు, తరువాత రైళ్ళకు, లారీలకు వచ్చింది. 1964 నుంచి వారణాసి కర్మాగారంలో తయారైన 2600 అశ్వశక్తి డీజిలు రైలింజన్లకూ టర్బోయే ప్రాణం.

ఇక లెక్క. మన లారీ ఇంజను 5.7 లీటర్లది, నిమిషానికి 2400 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది కాబట్టి నిమిషానికి 1200 సార్లు. 5.7ను 1200తో హెచ్చిస్తే 6840 లీటర్లు. సిలిండరు ఎన్నడూ నిండుగా నిండదు. నూటికి 85 వంతులు నిండుతుందనుకుంటే 5800 లీటర్లు, అనగా 5.8 ఘనపు మీటర్లు.

కాని ఇంజనుకు కావలసింది లీటర్లు కాదు, కిలోలు. 15 డిగ్రీల చల్లని గాలి ఘనపు మీటరుకు 1.22 కిలోలు తూగుతుంది. మన రెంటచింతల వేసవి సంగతి ఎవరికి తెలియదు? 45 డిగ్రీల ఎండలో అదే గాలి 1.11 కిలోలే. కాబట్టి ఇంజనుకు అందేది నిమిషానికి 6.4 కిలోలు. పొగ రాకుండా కిలో డీజిలు మండాలంటే సుమారు 20 కిలోల గాలి కావాలి. అంటే నిమిషానికి 320 గ్రాముల డీజిలు మాత్రమే సుఖంగా మండుతుంది. అంతకు మించి పోస్తే పొగే.

ఇప్పుడు టర్బో పెట్టి ఒత్తిడిని రెండింతలు చేశామనుకోండి. గాలి కూడా రెండింతలవుతుందా? కాదు. నొక్కితే గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినవారికి ఇది చెప్పనక్కరలేదు. 45 డిగ్రీల గాలి 140 డిగ్రీల పైకి పోతుంది, అంత మేరకు పలుచబడుతుంది. లెక్కకు వచ్చేది ఒకటిన్నర రెట్లే, అంటే నిమిషానికి 9.9 కిలోలు. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి 65 డిగ్రీలకు చల్లార్చితే 12.1 కిలోలు అందుతుంది. అందుకే ఆ జల్లెడవంటి పెట్టెకు అంత గౌరవం.

ఇక పటం. ప్రతి కంప్రెసర్‌కూ తయారుచేసినవారు ఒక పటం గీస్తారు. అడ్డంగా గాలి కిలోలు, నిలువుగా ఒత్తిడి ఎన్ని రెట్లన్నది. మధ్యలో పొలం గట్లవలె ఒకదానిలో ఒకటి చుట్టుకున్న గీతలు. లోపలి చుట్టులో పడితే శ్రమ తక్కువ, ఫలం ఎక్కువ. ఎడమ అంచు గీతను సర్జ్ అంటారు. అది దాటితే చక్రం గాలిని నిలబెట్టలేదు. గాలి వెనక్కు తన్ని బుస్సు బుస్సుమంటుంది, ఇరుసు బేరింగులు దెబ్బతింటాయి. కుడి అంచు దాటితే గొంతు చాలక గాలి పోదు. పటాన్ని 25 డిగ్రీలకు గీస్తే, మన వేసవికి సవరణ చేసుకోవాలి: 12.1 కిలోలు పటం మీద 12.5 అవుతుంది.

మన పెద్ద టర్బో ఎడమ గీత, ఒత్తిడి రెండు రెట్ల దగ్గర, 10 కిలోల మీద వున్నదనుకుందాం. 2400 చుట్ల మీద 12.5 పడుతుంది, బాగుంది. కాని బస్తాలు నింపుకొని ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను 1500 చుట్లకు దిగుతుంది. అప్పుడు గాలి 7.8 కిలోలే, గీతకు ఎడమవైపు! అసలు అంత పెద్ద చక్రాన్ని తిప్పే పొగే ఆ వేగంలో చాలదు. గాలి అందక డీజిలు నల్లగా మండుతుంది. ఇంజనుకు తగినదయితే ఎడమ గీత 6 దగ్గర, కుడి అంచు 14 దగ్గర వుంటుంది. రెండు చుక్కలూ పటం లోపలే.

"మరి సగం ధర కదా, మాస్టారూ!" అన్నాడాయన, ఆశ చావక.

"ఆ మిగిలిన సగాన్ని ఎత్తు ఎక్కిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా కడతావు నాయనా" అన్నాను. ఆయన కాసేపు ఆ రెండు చుక్కలను చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరువాత తన ఇంజనుకు సరిపడినదే మరమ్మతు చేయించుకున్నాడని తెలిసింది.

మరి మూడు మాటలు. టర్బో ఇచ్చేది గాలి మాత్రమే. డీజిలు ఇచ్చేది పంపు. రెంటికీ పొత్తు కుదరకపోతే బలం రాదు. సున్నపు బట్టీల దుమ్ములో తిరిగే బండికి గాలి ఫిల్టరే కవచం. అది పూడుకుపోతే లోపలికి వచ్చే గాలి ఒత్తిడి ముందే తగ్గి, టర్బో ఇంకా ఎక్కువ శ్రమపడాలి. అది చినిగితే దుమ్ము చక్రపు రెక్కలను అరగదీస్తుంది. బరువు లాగి వచ్చిన ఇంజనును వెంటనే ఆపరాదు. రెండు మూడు నిమిషాలు ఊరికే తిరగనిస్తే నూనె ఆ ఎర్రటి ఇరుసును చల్లారుస్తుంది.

గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారమనే అలవాటు మనకు పాతదే. కాగితం మీద నాలుగు అంకెలు వేసుకుంటే దీపానికి ఎంత గాలి కావాలో మనకే తెలుస్తుంది. దేవుడికి ఆ పాటి భారం తగ్గుతుంది.