నీడలో కొలిచిన ఎండ

వడదెబ్బకు మతం ఉంటుందా అని మా సెక్యులర్ మిత్రులు అడుగుతారు. ఉండదు. సూర్యుడికి అందరూ ఒకటే. కానీ ఎవరికి ఏ గల్లీలో ఇల్లు కిరాయికి దొరుకుతుందో, ఎవరికి పేరు చెప్పగానే దొరకదో, దానికి మతం ఉంటుంది. ఆ ఇంటి మీద స్లాబు ఉందా రేకులున్నాయా అన్నదానికి కులమూ ఉంటుంది. ఎండ ఆ తర్వాతే మొదలవుతుంది.

వాతావరణ శాఖ ఎండను ఎట్లా కొలుస్తుంది? ఖాళీ జాగాలో, గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో, నీడన పెట్టిన థర్మామీటరుతో. మైదానాల్లో 40 డిగ్రీలు చేరి, మామూలుకన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలులంటుంది. ఆ కొలత తప్పని నేననను. కానీ నీడలో కొలిచిన ఎండతో, రేకుల కింద బతికే మనిషి ప్రమాదాన్ని చెప్తామంటేనే నా తగాదా.

లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషం. ఆ గాజు ఎట్లా పుడుతుంది? లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, వంచి, ఒక్కొక్క రాయీ అద్దాలి. మేలోనైనా సెగ సెగే. గాజుకు గుర్తింపు దొరికింది. గాజు చేసే గదిలో ఎన్ని డిగ్రీలో ఎవరు కొలిచారు?

ఏటా ఎండాకాలం ప్రకటన వస్తుంది. మధ్యాహ్నం బయటికి రావద్దు, ఇంట్లోనే ఉండండి. నేనే దాన్ని ఉర్దూలోకి మారుస్తాను. మారుస్తుంటే చెయ్యి ఆగుతుంది. మా ఆడవాళ్లు ఇంట్లోనే ఉన్నారు కదా! ప్రమాదం ఉన్నది అక్కడే కదా! ఎండదెబ్బ తగిలితే మేం ‘లూ లగ్ గయీ’ అంటాం. లూ అంటే వేడిగాలి. గాలే ఆడని గదిలో సొమ్మసిల్లిన మనిషికి ఏ గాలి తగిలినట్టు?

2010 మేలో అహ్మదాబాద్‌లో మామూలుకన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. 2013లో ఆ నగరం వేడిని ఎదుర్కొనే ప్రణాళిక తెచ్చింది. అక్కడి ఒక ఆసుపత్రిలో పై అంతస్తులో ఉన్న పసిబిడ్డల వార్డును కిందికి దించారు. కప్పే చంపుతుందని అప్పుడే అర్థమైంది.

తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. ఎవరికి తప్పనిసరి? ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, ఇళ్లలో 600 గజాలూ ఆపైన జాగా ఉన్నవాళ్లకు. మిగిలినవాళ్లకు వాళ్ల ఇష్టం! నలభై గజాల్లో మూడు కుటుంబాలు ఇరుక్కున్నచోట ఇష్టమెక్కడిది, సున్నం డబ్బులెక్కడివి?

2025లో వడదెబ్బ చావుకు నాలుగు లక్షల పరిహారం ప్రకటించారు. మంచిదే. కానీ అది వడదెబ్బేనని అధికారులు ఒప్పుకోవాలి. రోడ్డు మీద పడిపోయినవాడు కనబడతాడు. రాత్రి గదిలో పోయిన ముసలమ్మను గుండె ఆగి పోయిందంటారు. పొద్దున్నే దఫన్. అసలు మోసం ఇక్కడుంది. రేపటి ప్రమాదాన్ని అంచనా కట్టడానికి నిన్నటి చావుల లెక్క కావాలి. మా చావు ఆ లెక్కలోకే ఎక్కకపోతే, రేపటి పటంలో మా గల్లీ చల్లగా కనబడుతుంది. చల్లగా ఉన్నచోటికి నీళ్ల ట్యాంకరెందుకు, అంబులెన్సెందుకు?

మావాళ్లనూ అడుగుతాను. గల్లీలో చల్లటి రాతినేల, ఫ్యాన్లు, నీళ్లు ఉన్నది మసీదులోనే. జుహర్ నమాజు తర్వాత మగవాళ్లం అక్కడే నడుం వాలుస్తాం. చాలా మసీదుల్లో ఆడవాళ్లకు అడుగుపెట్టే చోటే లేదు. సెగ వాళ్లకు, నీడ మనకా? సర్కారును అడిగే నోటితో మౌల్వీ సాబ్‌నూ అడగాలి.

మాకు జాలి వద్దు. మా రేకుల కింద, మా పక్క దళితవాడ రేకుల కింద థర్మామీటరు పెట్టండి. పగలే కాదు, రాత్రి రెండింటికీ చూడండి. మా చావులను వాటి అసలు పేరుతో రాయండి. ఆ తర్వాత జోస్యం చెప్పండి, వింటాం. అప్పటిదాకా మీ పటంలో ఉన్నది మీ నగరం. మాది కాదు.