అడవి గాచిన వెన్నెల ఎవరికి వృథా?



కాలేజీల్లో, సెమినార్లలో మనల్ని కులం పేరు పెట్టి తిట్టేటోళ్లు తగ్గిన్రు. 1989 చట్టం ఉందని తెలుసు. అందుకే ఇప్పుడు సామెత వాడుతరు. మన పిల్ల పేపర్ చదువుతుంటే వెనక బెంచీ నుంచి "గాడిదకేం తెలుసు గంధం వాసన" అని వినబడతది. నలుగురు నవ్వుతరు. కోపమొస్తే "అరే, సామెతే కదా" అంటరు.

ఇది పాత పండితుల విద్యే. యూరప్‌లో ఎరాస్మస్ అనే పండితుడు 1500లో గ్రీకు, లాటిన్ సామెతలు పోగేసి పుస్తకం వేసిండు. మొదట ఎనిమిది వందల పైచిలుకు, 1536లో ఆయన చనిపోయే నాటికి నాలుగు వేలు దాటినయి. అందులో 'వీణ ముందు గాడిద' లాంటిది ఒకటుంది. అక్కడ వీణ, ఇక్కడ గంధం. గాడిద మాత్రం అదే.

మన సంస్కృత పండితులు ఇట్లాంటి వాటిని 'న్యాయాలు' అన్నరు. పేరు చూడండి, న్యాయమట! అందులో ఒకటి అరణ్యచంద్రికా న్యాయం. తెలుగులో అడవి గాచిన వెన్నెల. చూసేటోడు లేక వృథా అయిందని అర్థం. అరణ్యరోదన అంటే వినేటోడు లేని ఏడుపు.

అడవిలో ఎవరూ లేరని ఎవరు చెప్పిన్రు? రెండేళ్లకోసారి మాఘ పున్నమి రోజుల్లో మేడారం పోయి చూడండి. చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లి వస్తుంటే లక్షల మంది నిలబడతరు. ఆ వెన్నెల వృథానా?

"పాత మాట, అంత లోతు ఎందుకు" అంటరు కొందరు. లోతు ఉంది. అడవి ఖాళీ అని మాటల్లో నమ్మినోళ్లే కాగితాల్లో కూడా ఖాళీ అని రాసిన్రు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చేదాకా తాతల నాటి పోడు భూమిలో మనమే ఆక్రమణదారులం.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తరు. అది గిడుగు రామమూర్తి పుట్టినరోజు. ఆయన సవర భాష నేర్చుకుని నిఘంటువు చేసిండు. అడవిలో భాష ఉందని, మనుషులున్నరని తెలిసిన పండితుడు ఆయన. దండ వేసేటోళ్లు ఆ సంగతి కూడా చెప్పాలె.

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇకనుంచి నవ్వి ఊరుకోవద్దు. అక్కడికక్కడే నిలబడి అడగండి: "సార్, ఈ సామెతలో గాడిద ఎవరు? గంధం చెట్టు పెరిగేది అడవిలనే. దాని వాసన మాకు మీరు చెప్పాల్నా?"

మీ గూడెంలో, తండాలో పెద్దోళ్లు చెప్పే సామెతలు మన భాషల్లోనే రాసి ఇక్కడ పెట్టండి. మన మాటలు మనమే పోగేసుకుందాం.