చివరి కుళాయి వద్దే నీటి భద్రతకు పరీక్ష

నీటి ద్వారా వ్యాపించే వ్యాధులు వర్షాకాలానికే పరిమితమన్న అభిప్రాయం ప్రజలలో ఉంది. గత అనుభవాలు ఇందుకు భిన్నంగా ఉన్నాయి. హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో 2009 మే నెలలో కలుషిత జలం వల్ల కలరా ప్రబలి పలువురు మరణించారు. 2018 మార్చిలో గుంటూరు నగరంలో అతిసారం సోకి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండూ ఎండాకాలంలో, కుళాయి నీరు అందే నగరాలలోనే సంభవించడం గమనార్హం.

శుద్ధి కేంద్రం నుంచి పరిశుభ్రమైన నీరు విడుదలైనంత మాత్రాన ఇంటికి చేరే నీరు సురక్షితమని భావించరాదు. రోజుకు కొన్ని గంటలు మాత్రమే సరఫరా జరిగే చోట్ల, నీరు నిలిపివేసిన సమయంలో పైపులలో ఒత్తిడి తగ్గిపోతుంది. అప్పుడు పగుళ్లు, వదులైన అతుకులు, మురుగు కాలువల గుండా వెళ్లే ఇంటి కనెక్షన్ల ద్వారా మురుగు లోనికి చేరుతుంది. కుళాయిలకు నేరుగా మోటార్లు బిగించి నీటిని లాగడం వల్ల ఈ ప్రమాదం మరింత పెరుగుతుంది.

కలరా క్రిములు శరీరంలో ప్రవేశించిన కొన్ని గంటల నుంచి 5 రోజులలోగా వ్యాధి లక్షణాలు కనిపిస్తాయి. టైఫాయిడ్‌కు సాధారణంగా 1 నుంచి 3 వారాలు పడుతుంది. కనుక టైఫాయిడ్ రోగులు ఆసుపత్రికి చేరేనాటికి కలుషిత జలం సరఫరా జరిగి వారాలు గడచి ఉండవచ్చు. రోగుల సంఖ్యను బట్టి మేల్కొనే విధానం ఈ కారణంగానే సరిపోదు.

భారత ప్రమాణాల ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఇ.కోలి క్రిమి ఒక్కటి కూడా ఉండరాదు. అయితే ఈ ప్రయోగశాల పరీక్ష ఫలితానికి కనీసం ఒక రోజు పడుతుంది. నీటిలో మిగిలి ఉన్న క్లోరిన్‌ను మాత్రం క్లోరోస్కోప్‌తో కొద్ది నిమిషాలలోనే తెలుసుకోవచ్చు. లీటరు నీటిలో అది కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ఈ పరీక్షను ట్యాంకు వద్ద గాక, పైపులైను చివరనున్న కుళాయి వద్ద నిర్వహించినప్పుడే వాస్తవ పరిస్థితి వెల్లడవుతుంది. అక్కడ క్లోరిన్ లేకపోతే, మార్గమధ్యంలో కలుషితం చేరుతున్నదేమోనని వెంటనే తనిఖీ చేయవలసి ఉంటుంది.

నీటి రంగు, వాసన మారినట్లయితే ప్రజలు ఆ నీటిని వాడక, తక్షణమే స్థానిక సంస్థ సిబ్బందికి తెలియజేయాలి. కాచి చల్లార్చిన నీటినే తాగాలి. విరేచనాలు ఆరంభమైన వెంటనే ఓ.ఆర్.ఎస్. ద్రావణం ఇస్తూ రోగిని ఆసుపత్రికి తరలించాలి. తీవ్రమైన కలరాకు చికిత్స అందకపోతే కొన్ని గంటలలోనే ప్రాణాపాయం ఏర్పడుతుంది. సకాలంలో చికిత్స అందితే దాదాపు రోగులందరినీ కాపాడవచ్చు.