అది గుణమా, రోగలక్షణమా?

ఎదురింటి పెద్దాయన పలకరించినా నవ్వకపోతే ‘పొగరు’ అంటాము. కోడలు ఉదయం లేవలేకపోతే ‘బద్ధకం’ అంటాము. బస్టాండులో ఒకాయన తూలుతూ కనబడితే ‘పొద్దున్నే తాగాడు’ అనుకొని పక్కకు తప్పుకుంటాము. పాఠక మిత్రులారా, ఇటువంటి తీర్పులను మర్యాదకు సంబంధించిన చిన్న పొరపాట్లుగా నేను భావించడం లేదు. ఇవి చికిత్సను ఆలస్యం చేస్తాయి. ఒక్కొక్కసారి ప్రాణం మీదికి తెస్తాయి.

నవ్వని పెద్దాయనకు పార్కిన్సన్ వ్యాధి ఉండవచ్చు. మెదడులో డోపమిన్ తగ్గినప్పుడు ముఖ కండరాల కదలికలు మందగిస్తాయి. మనసులో ఎంత ఆప్యాయత ఉన్నా ముఖం దానిని చూపలేదు. లేవలేని కోడలికి థైరాయిడ్ లోపమో, రక్తహీనతో, మానసిక కుంగుబాటో ఉండవచ్చు. తూలుతున్న వ్యక్తి ఇన్సులిన్ తీసుకొని వేళకు భోజనం చేయని మధుమేహ రోగి కావచ్చు. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చెమట, వణుకు మొదలవుతాయి. ఇంకా పడిపోతే మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు ఆయనను కాపాడగలవు. స్పృహ తప్పితే నోట ఏమీ పోయక 108కి ఫోను చేయాలి. ‘తాగుబోతు’ అని ముద్ర వేసినవాడు ఈ రెండింటిలో ఏదీ చేయడు.

ఎదుటివారి ప్రవర్తనకు వారి స్వభావాన్నే కారణంగా ఎంచి, పరిస్థితులను తక్కువగా లెక్కించే ఈ ధోరణిని 1977లో మనస్తత్వ శాస్త్రవేత్త లీ రాస్ ‘మౌలిక ఆపాదనా దోషం’గా పేర్కొన్నారు. మనం కసురుకుంటే రాత్రి నిద్ర లేదంటాము. పొరుగువాడు కసురుకుంటే వాడి బుద్ధే అంత అంటాము.

ఈ దోషానికి వైద్యులు అతీతులు కారు. నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో ఒక వృద్ధురాలు చెప్పినదానికల్లా తల ఊపి, మందులు మాత్రం సరిగా వాడేది కాదు. ‘మొండి మనిషి’ అని నర్సుతో అన్నాను. రెండు నెలల తరువాత వెంట వచ్చిన మనవరాలు, “డాక్టరు గారూ, నాయనమ్మకు చెవులు సరిగా వినబడవండీ” అన్నది. అన్నాళ్లూ ఆమె రక్తపోటు అదుపు తప్పి ఉండడానికి నా తీర్పే కారణం.

అయితే దుర్మార్గులే లేరా, ప్రతి కోపిష్ఠికీ ఒక జబ్బు అంటగట్టాలా అని మీరు అడగవచ్చు. అక్కరలేదు. తెలియకుండా జబ్బు అంటగట్టడమూ తొందరపాటు తీర్పే. గమనించవలసినది మార్పును. జీవితమంతా సౌమ్యంగా ఉన్న మనిషి అరవైలో పడి కొద్ది నెలలలోనే దురుసుగా, సిగ్గువిడిచి ప్రవర్తిస్తుంటే ‘ముసలితనపు చాదస్తం’ అని సరిపెట్టుకోకండి. కొన్ని రకాల మతిభ్రంశ వ్యాధులలో జ్ఞాపకశక్తి కంటే ముందు ప్రవర్తనే మారుతుంది. వెంటనే వైద్యునికి చూపించండి.

ఇకమీదట ఎవరినైనా పొగరుబోతు, సోమరి అనబోయే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: తిన్నారా? నిద్ర పడుతున్నదా? వినబడుతున్నదా? ఎప్పటి నుంచి ఇలా ఉన్నది? వీటికి సమాధానాలు విన్న తరువాత కూడా మీ అభిప్రాయం మారకపోతే అప్పుడు ఉంచుకోండి.