గృహారోగ్యము: వ్రేళ్లను వంచు కీళ్లవాతము

మా మొఘల్‌పురాకు చేరువనే చార్మినారు కడ లాడుబజారు కలదు. అచ్చట లక్కగాజులు తొడిగించుకొనునపుడు గాజు మెటికలు దాటకున్నచో, ఒళ్లు వచ్చినదని నవ్వుకొందుము. కాని రెండు చేతుల మెటికలును వాచి, నొప్పితో గాజును అడ్డగించినచో అది కొవ్వు కాదు; కీళ్లవాతము కావచ్చును.

మాధవకరుడు తన నిదానగ్రంథమున ‘ఆమవాత’మని ప్రత్యేకముగా వర్ణించిన వ్యాధి దీనికి దగ్గరిది. 1800వ సంవత్సరమున పారిసునగరమందు లాండ్రే బోవే యను వైద్యుడు, స్త్రీల యాశ్రయమగు సాల్పెత్రియేరులో దీనిని గుర్తించి వ్రాసెను. నేటికిని ఇది పురుషులకంటె స్త్రీలకు రెండుమూడు రెట్లు అధికముగా వచ్చుచున్నది. చన్నీళ్ల పని దీనికి కారణము కాదు. దేహమును కాపాడవలసిన శక్తియే దారి తప్పి కీళ్లలోని పొరపై దండెత్తును. ఆ పొర యుబ్బి యెముకను కొరుకును. కీలును బిగించియుంచు బంధములు సడలును. అంతట నాలుగు వ్రేళ్లును గాలికి వంగిన వరివలె చిటికెనవ్రేలి వైపునకు ఒరగును. ఒక్కొక్కప్పుడు వ్రేలి నడిమికీలు వెనుకకు విరిగి, కొన క్రిందికి వ్రాలి, హంసమెడవలె నగును. మరియొకప్పుడు నడిమికీలు కాజాలోనుండి బొత్తామువలె పైకి పొడుచుకొనివచ్చును.

మా యెరుకలోని యొక యిల్లాలు తెల్లవారి పాలగిన్నె దింపలేకపోయెడిది. ప్రొద్దెక్కినపిమ్మట పనులన్నియు చేసెడిది. ఇంటివారు దానిని సోమరితనమనిరి. ఉదయము చేతులు బిగిసి, గంటకో రెండుగంటలకో సడలుటయే ఈ వ్యాధి గుర్తని వారెరుగరు. రెండేండ్లు తైలములతో గడచెను. నేడామెకు కూతురు జడ వేయుచున్నది.

ఒరిగిన వ్రేలిని ఏ తైలమును నిలుపజాలదు. కాని తొలినెలలలోనే మందు మొదలిడినచో చాలమందికి వంకర రాకుండ ఆపవచ్చును. మన నగరమున పంజాగుట్టలోని నిమ్సునందు కీళ్లవాతమునకు ప్రత్యేకశాఖ కలదు. సాధారణముగా నిచ్చు మెథోట్రెక్సేటు వారమున కొక్క దినము మాత్రమే పుచ్చుకొనవలసిన మందు. దినదినము మ్రింగిన ప్రాణాపాయము. గర్భవతులకు అది నిషిద్ధము. బిడ్డను కోరువారు ముందుగనే వైద్యునకు చెప్పవలయును. నెలల తరబడి పుచ్చుకొనువారు రక్తపరీక్షలు మానరాదు.

ఇంట కొన్ని మెలకువలు: బిందెను వ్రేళ్లకు తగిలింపక రెండరచేతులతో నెత్తుడు. సంచిని మోచేతికి తగిలించుకొనుడు. తడిబట్టను కుళాయికి చుట్టి పిండుడు. డబ్బామూతను అరచేతితో నొత్తి త్రిప్పుడు. గరిటెకాడకు గుడ్డ చుట్టి లావు చేయుడు.

అత్తలారా! ఉదయమున కోడలు పిడికిలి బిగింపలేకున్నచో, మాట యనుటకు ముందు ఆ చేతిని పట్టి చూడుడు. మెటికలు మెత్తగ వాచి, వెచ్చగ నున్నవేమో! ఆరువారములు నిలిచినచో, పండుగ దాటనిమ్మని జాగు చేయక వైద్యునియొద్దకు గొనిపొండు.