వ్రేళ్లు నరికిన కథ

ప్రతి సంవత్సరము ఆగస్టు 15వ తేదీన మన విద్యార్థుల ఉపన్యాసములలో ఒక మాట తప్పక వినవచ్చును. ఆంగ్లేయులు మన నేతగాండ్ర బొటనవ్రేళ్లను నరికించిరనియు, అందువలననే మన చేనేత చెడిపోయెననియు ఆ మాట. నేతవారి పేటలో పుట్టిన బాలుడు దానిని పలుకునప్పుడు కంఠము వణకుట సహజమే. అయినను, ఆ మాటను మన వ్యాసములనుండి తొలగింపవలెనని నా అభిప్రాయము. తెల్లదొరలను వెనుకవేసికొని వచ్చుటకు నేనిట్లు చెప్పుటలేదు. జరిగిన అన్యాయము ఆ కథకంటె పెద్దది గనుక చెప్పుచున్నాను.

మొదట ఆ కథకు మూలమేమో చూతము. కంపెనీ కొలువు విడిచిన విలియం బోల్ట్స్ అను నతడు 1772లో ఒక గ్రంథమును ప్రకటించెను. బంగాళములో పట్టునూలు తీయువారు కొందఱు, నిర్బంధపు పనికి తాళలేక, తమ బొటనవ్రేళ్లను తామే కోసికొనిరని అందు వ్రాసెను. ఆ వార్త నోటినోట పడి మారిపోయినది. పట్టునూలు తీయువారు బట్ట నేయువారైరి; తామే కోసికొనుట పోయి, ఇతరులు నరికించుట వచ్చినది. ఒకసారి ఆలోచింపుడు. బ్రతుకుతెరువైన వ్రేలిని తన చేతితోనే కోసికొనవలసిన స్థితి ఎంత ఘోరమైనది! అట్టి స్థితి ఎట్లు వచ్చెనో తెలిసికొనుటయే చరిత్ర చదువుట.

ఐరోపావారు తూర్పుదేశములకు సుగంధద్రవ్యముల కొఱకు వచ్చిరి. 1498లో వాస్కోడగామా కాలికట్టు చేరెను. 1511లో పోర్చుగీసువారు మలక్కాను పట్టుకొనిరి. వారి వెనుక డచ్చివారును, ఆంగ్లేయులును వచ్చిరి. కాని లవంగములు, జాజికాయలు పండు దీవులవారికి ఐరోపా సరకులపై మక్కువ లేదు. వారు కోరినది మన దేశపు బట్ట. అందుచేతనే డచ్చివారు 1610లో పులికాటునను, ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నమునను వర్తకశాలలు నెలకొల్పిరి. తెలుగు మగ్గముమీది బట్ట ఆ దీవులలో నాణెమువలె చెల్లినది. ఆఫ్రికా పశ్చిమ తీరమునందైతే, మన దేశపు బట్టలనిచ్చి ఐరోపావారు మనుష్యులనే కొని బానిసలుగా తరలించిరి. నేసినవారికి ఆ సంగతి తెలియనే తెలియదు.

అంతవఱకు నేతగాని గుమ్మమునకు కొనువారు పలువురు వచ్చుచుండిరి. ఒకని ధర నచ్చకున్న మఱియొకనికి అమ్ముకొనవచ్చును. 1766లో నిజాముతో జరిగిన ఒడంబడికచే ఉత్తర సర్కారులు కంపెనీ వశమైన పిదప కొనువాడే ఏలువాడయ్యెను. బయానా పుచ్చుకొన్నవాడు తన బట్టను ఇతరులకు అమ్మరాదు. ధర నిర్ణయించువారు, తప్పులెంచువారు, శిక్షించువారు, అందఱును కంపెనీవారే. ఇంగ్లండులోనో, మన అద్దకపు బట్టలను 1700, 1721 సంవత్సరములలో చట్టములు చేసి అరికట్టియుండిరి. 19వ శతాబ్దము వచ్చునప్పటికి మన బట్టకు అచ్చట భారమైన సుంకము, వారి బట్టకు ఇచ్చట స్వల్పమైన సుంకము. యంత్రబలము లేదనుట కాదు. మాంచెస్టరు బట్ట చౌకగా వచ్చిన మాట నిజమే. కాని తన వాకిలికి గడియ పెట్టుకొను అధికారము మన దేశమునకు లేకుండెను.

మనవారు యంత్రములను నేర్చిన తరువాత నైనను ఆ పద్ధతి మారెనా? మన షోలాపురమున 1877లో మొదటి బట్టలమిల్లు నెలకొనెను. 1896 నుండి విదేశపు బట్టపై నూటికి మూడున్నర రూపాయల దిగుమతి సుంకముండగా, అంతే పన్నును మన దేశపు మిల్లుబట్టపై గూడ విధించిరి. లంకాషైరు వర్తకుల మేలుకొఱకైన ఆ పన్ను 1925 వఱకు సాగెను.

మన తాతలు తెలంగాణమునుండి ఈ ఊరికి వచ్చినట్లే, మఱికొందఱు తెలుగువారు ఓడలెక్కి దూరదేశములకు పోయిరి. 1860లో మద్రాసునుండి మొదటి కూలీల ఓడ ఆఫ్రికాలోని నేటాలునకు చేరెను. పసిఫిక్ సముద్రములోని ఫిజీ దీవులను ఆంగ్లేయులు 1874లో కలుపుకొనిరి. అచ్చటి చెఱకుతోటలకై 1879 మొదలు 1916 వఱకు సుమారు 60 వేలమందిని మన దేశమునుండి కొనిపోయిరి. 1903 నుండి మద్రాసు ఓడలలో తెలుగువారును పోయిరి. వారిని కట్టివేసినది ఐదేండ్ల ఒప్పందపు కాగితము. అగ్రిమెంటు అను ఆ ఇంగ్లీషు మాట కూలీల నోట గిర్మిట్ అయినది. పేరునే సరిగా పలుకలేని కాగితములోని షరతులు వారికెట్లు తెలియగలవు?

కత్తికి పని లేకుండెనని నేననను. 1621లో బాందా దీవులవారిని డచ్చివారు ఊచకోత కోసిరి. మన ఊరిలోనే 1930 మే నెలలో సైనిక శాసనము విధించిరి; 1931 జనవరి 12వ తేదీన మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ శిందే, శ్రీకృష్ణ సారడా, కుర్బాన్ హుసేన్ అను నలుగురిని యెరవాడ చెఱసాలలో ఉరితీసిరి. కాని కత్తి ఒకనాడు ఒరలోనికి పోవును. బయానా లెక్క, సుంకపు చట్టము, ఒప్పందపు కాగితము, ఇవి తరతరములు పనిచేసినవి. కత్తిని మాత్రమే శత్రువుగా నెఱిగిన పిల్లవాడు, కాగితము ముందుంచినప్పుడు నిర్భయముగా చేవ్రాలు చేయును. అదియే నా భయము.

చరిత్ర కూడు పెట్టునా అని కొందఱు తల్లిదండ్రులు అడుగుచున్నారు. సాంచాలమీద పనిచేయు తండ్రికిని, బీడీలు చుట్టు తల్లికిని బయానా అననేమో, కూలి లెక్క అననేమో నేను చెప్పనక్కఱలేదు. ఆ లెక్కను చదివి, అర్థము చేసికొని, ఇది ఏల ఇట్లున్నదని అడుగగల బిడ్డ ఇంటికి కావలెను. ఆ అడుగుట తనకు బాగుగ తెలిసిన భాషలోనే మొదలగును. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు తప్పక నేర్పింపుడు. కాని తెలుగులో చదివి ప్రశ్నించు అలవాటును మాన్పింపకుడు.

విద్యార్థులారా! వచ్చు ఆగస్టు ఉపన్యాసమున వ్రేళ్ల కథకు మాఱుగా, కొనువాడే ఏలువాడైన కథను చెప్పుడు. మీ యింటి పెద్దలకు అది వెంటనే అర్థమగును.